ఫ్రాన్స్ పల్లెల్లో బండ్లు తిరగని కంకర దారి: కాలువ గట్టు మేలా, పాత రైలు కట్ట మేలా?

పెన్నగట్టు (నెల్లూరు) రాశారు:

అందరికీ నమస్తే. విషయం కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

నాకు 56 ఏళ్ళు. పదేళ్ళ నుంచి సైకిల్ తొక్కుతున్నా. మొదట్లో ఇంటి నుంచి మైపాడు బీచి దాకా, తర్వాత హైవే మీద కావలి దాకా, రెండు సార్లు 200 కిలోమీటర్ల బీఆర్ఎం (గడువు పెట్టి తొక్కే దూరపు సైకిల్ ప్రయాణం) కూడా టైములోపల పూర్తిచేశా. పోయిన ఏడాది ఒక తెల్లవారుజామున హైవే మీద నా ముందు తొక్కుతున్న స్నేహితుడి భుజానికి టిప్పర్ అద్దం తగిలింది. పడ్డాడు, కాలర్ బోన్ విరిగింది, మూడు నెలలు ఇంట్లోనే. టిప్పర్ ఆగను కూడా ఆగలేదు. వాడు మళ్ళీ అదే హైవే ఎక్కి తొక్కుతున్నాడు, నాకే ఆ రోజు నుంచి వెనక హారన్ వినపడితే చేతులు బిగుసుకుపోతున్నాయి. సైకిల్ మానేయడం నా వల్ల కాదు. రోడ్డు మాత్రం మార్చుకోవాలి.

మా అబ్బాయి ఫ్రాన్స్‌లో తూలూజ్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో రమ్మంటున్నాడు, నేనూ మా ఆవిడా మూడు వారాలు ఉంటాం. పోయిన నెల వాడు ఒక ఫోటో పంపాడు. పక్కన కాలువ, రెండు వైపులా చెట్లు, మధ్యలో తెల్లటి సన్న కంకర దారి. ఫోన్లో వేళ్ళతో పెద్దది చేసి చూశా. దారి మీద సైకిల్ టైర్ల గీతలు, ఏదో కుక్క అడుగులు, అంతే. కారు చక్రం జాడ ఒక్కటి లేదు. రాత్రి పడుకునే ముందు కూడా ఆ ఫోటో తీసి చూసుకుంటున్నా.

మన దగ్గర గ్రావెల్ అంటే టిప్పర్లలో పోయే ఎర్రమట్టి. అక్కడ గ్రావెల్ సైక్లింగ్ అని ఒక ఆటే ఉందంట. నాకు రేసులు వద్దు, కొండలు వద్దు. నాలుగైదు రోజులు, రోజుకి నలభై యాభై కిలోమీటర్లు, పల్లెల మధ్య, వెనక నుంచి బండి రాదన్న నమ్మకంతో తొక్కాలి. మా ఆవిడ చిన్నప్పుడు హాస్టల్ నుంచి కాలేజీకి సైకిల్ మీదే వెళ్ళేది, ఇప్పుడు మోకాలు నొప్పి, కానీ వస్తానంటోంది. కాలువ గట్టు బాగుంటుందని అబ్బాయి అంటాడు, పాత రైలు కట్టలు ఇంకా బాగుంటాయని వాడి ఆఫీసులో ఒకరు అన్నారంట. ఏది ఎంచుకోవాలి? నా సైకిల్ ఇక్కడి నుంచి పట్టుకెళ్ళాలా? తిండి సంగతేంటి? తొక్కి వచ్చినవాళ్ళు చెబితే రుణపడి ఉంటా.


ఒంగోలుగిత్త రాశారు:

అన్నా, మాది ఒంగోలు, చదువు కోసం వచ్చి ఆరేళ్ళుగా తూలూజ్‌లోనే ఉంటున్నా. మీ అబ్బాయి పంపిన ఫోటో కచ్చితంగా కెనాల్ డ్యు మిడిదే అయ్యుంటుంది.

ముందు రెండు మాటలు నేర్చుకోండి, మొత్తం ప్లాను వాటి మీదే ఆధారపడి ఉంటుంది. ఒకటి ‘వ్వా వెర్త్’, అంటే పచ్చ దారి. చట్టప్రకారం అక్కడ మోటారు బండి రాకూడదు, సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ కొన్ని చోట్ల గుర్రాలకీ మాత్రమే. రెండోది ‘వెలోరూట్’. ఇది సైకిల్ బోర్డులు పెట్టిన మార్గం, కానీ మధ్యమధ్యలో మామూలు ఊరి రోడ్డు మీద కూడా పోతుంది, కార్లు వస్తాయి. చాలామంది మ్యాపులో రంగు గీత చూసి అంతా బండ్లు లేని దారే అనుకుని బయల్దేరి, మధ్యలో రోడ్డు మీదికి వచ్చేసరికి కంగారు పడతారు. మీ పరిస్థితిలో వ్వా వెర్త్ అని రాసి ఉన్నదే చూసుకోండి.

ఇక కెనాల్ డ్యు మిడి. తూలూజ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా 240 కిలోమీటర్లు. 1666లో పని మొదలుపెట్టి 1681లో తెరిచారు. కట్టించిన పియేర్-పోల్ రికే అనే ఆయన ఉప్పు పన్ను వసూలు చేసే అధికారి, ఇంజనీరు కాదు, సొంత ఆస్తి కూడా ఇందులో పెట్టాడు, తీరా కాలువ తెరిచే ముందు ఏడాది చనిపోయాడు. గట్టు మీద మనం తొక్కే దారి అప్పట్లో పడవల్ని తాడు కట్టి గుర్రాలతో లాగించిన బాట. నాకు ఇది తెలిసిన రోజు మా తాత గుర్తొచ్చాడు. కొత్తపట్నం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో ఉప్పు పడవలు పోయేవనీ, గాలి లేనప్పుడు మనుషులే గట్టు మీద నడుస్తూ మోకుతో లాగేవాళ్ళనీ చెప్పేవాడు. మన కాలువ గట్టు సర్కారు కంపలో కలిసిపోయింది. వీళ్ళ గట్టు మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. ఒంగోలు వచ్చినప్పుడల్లా ఆ కాలువ వంతెన మీద బండి ఆపి కిందకి చూస్తా, ఆ గట్టు శుభ్రం చేసి నాలుగు బండ్ల కంకర పోస్తే ఎలా ఉంటుందో అని.

సరే, విషయానికొస్తా. తూలూజ్ నుంచి మొదటి యాభై కిలోమీటర్లు, పోర్-లోరాగే దాకా, నున్నటి తారు. కంకర కావాలంటే ఆ తర్వాతే. అక్కడి నుంచి తిన్నగా నోరూజ్ వస్తుంది, కాలువకి అదే అన్నిటికన్నా ఎత్తైన చోటు, 189 మీటర్లు. నల్లకొండ అనే కొండల నుంచి నీళ్ళు పిల్లకాలువల్లో తెచ్చి అక్కడ వదులుతారు, అక్కడి నుంచి ఒక వైపు నీళ్ళు అట్లాంటిక్‌కి, ఒక వైపు మధ్యధరాకి. 350 ఏళ్ళ కిందట ఒక మనిషికి ఆ ఆలోచన తట్టడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే మీరు అడిగినదానికి నా సమాధానం కాలువ కాదు. మీకు నేను చెప్పేది పాసా పాయిస్. మజామె నుంచి బెదారియు దాకా పాత రైలు కట్ట, 75 కిలోమీటర్లకి కొంచెం పైన, మొత్తం వ్వా వెర్త్. పట్టాలు తీసేసి సన్న కంకర, ఇసుక కలిపి రోలరుతో అణిచారు. రైలు దారి కాబట్టి ఎత్తు ఎక్కినట్టే తెలీదు, రైలింజను గబుక్కున ఎక్కలేదు కదా, నూటికి రెండు మూడు అడుగులకి మించి ఎత్తు ఉండదు. మజామె నుంచి మొదలుపెడితే ఒక పాతిక ముప్పై కిలోమీటర్లు మెల్లగా ఎక్కుతారు, పైన ఒక పొడుగాటి సొరంగం, లోపల దీపాలుంటాయి, బయట ఎంత ఎండైనా లోపల చలేస్తుంది, ఒక చొక్కా చేతికందేట్టు పెట్టుకోండి. ఆ సొరంగం దాటితే అవతల చెట్లే మారిపోతాయి. ఇవతల తేమ, నాచు, దేవదారు లాంటి చెట్లు. అవతల ఎండ, ద్రాక్ష తోటలు, చెర్రీ చెట్లు. అక్కడి నుంచి దాదాపు అంతా దిగుడే. దారిలో ఒలార్గ్ అనే ఊరు వస్తుంది, గుట్ట మీద రాతి ఇళ్ళు, కింద ఏటి మీద పాతకాలపు వంతెన. అక్కడ రాత్రి ఉండండి.

తూలూజ్ నుంచి మజామెకి రైలుంది, రెండు గంటల లోపే, సైకిల్ ఎక్కించుకోవచ్చు. అటు చివర బెదారియు నుంచి మిడి కాలువ పక్కనే ఉన్న బెజియేకి కూడా రైలుంది.


కావలికోడలు రాశారు:

అన్నగారూ, మేము పోయినేడాది మే నెలలో మా ఆయనా నేనూ కార్కసోన్ అనే ఊరి నుంచి సముద్రం ఒడ్డున ఉన్న సెత్ దాకా కెనాల్ డ్యు మిడి గట్టు మీద తొక్కాం. పైన తమ్ముడు రైలు కట్ట అన్నారు, ఆ మాట నిజమే కానీ కాలువని అంత తేలిగ్గా తీసెయ్యొద్దు, నా మనసు ఇంకా అక్కడే ఉంది. 

కష్టం ముందు చెబుతా. కార్కసోన్ దాటి త్రెబ్ తర్వాత దారి చాలా చోట్ల జానెడు వెడల్పు కాలిబాట. గట్టు వెంట నాటిన ప్లేన్ అనే పెద్ద చెట్ల వేళ్ళు దారికి అడ్డంగా, మన అమ్మమ్మల చేతి మీద నరాల్లా పైకి తేలి ఉంటాయి, ఒకటి దాటేలోపు ఇంకోటి. మొదటి రోజు నేను గబగబా తొక్కి సాయంత్రానికి అరచేతులు బొబ్బలు తెచ్చుకున్నా. రెండో రోజు సీటు మీద నుంచి కొంచెం లేచి, మోచేతులు వదులుగా పెట్టి, నడిచే మనిషి కన్నా కొంచెం వేగంగా పోతే అప్పుడు తెలిసింది అక్కడ ఎలా తొక్కాలో. కొన్ని ముక్కలు ఈ మధ్య బాగుచేసి వెడల్పు చేశారు, కొన్ని అలాగే ఉన్నాయి. వాన పడితే బంక. వదినగారికి మోకాలు నొప్పి అంటున్నారు కాబట్టి కాలువ నడిమి ముక్క వద్దు.

నీడ సంగతి కూడా తెలుసుకోండి. అబ్బాయి ఫోటోలో రెండు వైపులా చెట్లు ఉన్నాయన్నారు, అన్ని చోట్లా అలా లేదు. ఆ కాలువ వెంట 42,000 ప్లేన్ చెట్లు ఉండేవి. 2006లో వాటికి ఒక బూజు తెగులు కనపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తెచ్చిన మందుగుండు పెట్టెల చెక్కతో దేశంలోకి వచ్చిందంటారు, ఒక వేరు నుంచి పక్క చెట్టు వేరుకీ, నీళ్ళ వెంట కిందకీ పాకుతుంది, మందు లేదు. అందుకని వేలకి వేలు నరికి, తగలబెట్టి, వేరే రకం మొక్కలు నాటుతున్నారు. కొన్ని కిలోమీటర్లు పచ్చటి పందిరి కింద పోతాం, హఠాత్తుగా పందిరి అయిపోయి మొద్దులు, చేతి కర్ర అంత మొక్కలు, నెత్తిన ఎండ. నాకు అక్కడ దుఃఖం వచ్చింది. జూన్ చివర అక్కడ ఒక్కోసారి 35 డిగ్రీల ఎండ కూడా కాస్తుంది. మనకి ఎండ కొత్త కాదనుకుంటాం కానీ సైకిల్ మీద మధ్యాహ్నం రెండింటికి నీడ లేకపోతే ఎక్కడైనా ఒకటే. పొద్దున్నే మొదలుపెట్టండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, సాయంత్రం కూడా హాయిగా తొక్కొచ్చు.

తిండి: పల్లెల్లో కొట్లు మధ్యాహ్నం పన్నెండున్నరకి మూసేస్తే మూడింటికో నాలుగింటికో తీస్తారు. హోటల్లో భోజనం పన్నెండు నుంచి రెండు లోపలే, రెండుంపావుకి వెళ్తే వంటవాడు వెళ్ళిపోయాడంటారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఏమీ దొరకదు, సోమవారం చాలా బేకరీలకి సెలవు. మేము ఒక సోమవారం ఉత్త బిస్కెట్ల మీద 40 కిలోమీటర్లు తొక్కాం. కాబట్టి ఒక పూట తిండి ఎప్పుడూ సంచిలో ఉండాలి. నీళ్ళకి ఒక కిటుకు, ప్రతి ఊరి చివరా శ్మశానం ఉంటుంది, గేటు లోపల పూలకి నీళ్ళు పోసే కుళాయి ఉంటుంది. మొదట్లో నాకు మనసొప్పలేదు. తర్వాత చూస్తే అక్కడి సైకిల్ వాళ్ళందరూ అక్కడే పట్టుకుంటున్నారు. తాగకూడని నీళ్ళైతే ‘నాన్ పొతాబ్ల్’ అని బోర్డుంటుంది, అది చూసుకోండి.

పచ్చళ్ళు నిక్షేపంగా పట్టుకెళ్ళొచ్చు. మలైకాజా మాత్రం వద్దు అన్నగారూ, బయటి దేశాల నుంచి పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ యూరప్ లోపలికి తీసుకురానివ్వరు. మా అత్తగారు డబ్బా నిండా పెట్టి ఇస్తే ఎయిర్‌పోర్టులో చెత్తబుట్టలో వేయాల్సి వచ్చింది, ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

ఇంకొకటి, లాకుల దగ్గర ఆగండి. కాలువ లాకులు కోడిగుడ్డు ఆకారంలో, రాతితో, అందంగా ఉంటాయి. ప్రతి లాకు పక్కనా లాకు కాపలా వాళ్ళ ఇల్లు, గోడ మీద పలక, అందులో ఈ లాకు పేరు, పైన లాకు ఇన్ని మీటర్లు, కింద లాకు ఇన్ని మీటర్లు అని. మీటర్లలో రాసి ఉండేసరికి ఎంత దూరం వచ్చామో ప్రతి చోటా లెక్క పెట్టుకున్నాం. పడవ లోపలికి వచ్చాక తలుపు మూసి నీళ్ళు వదిలితే ఆ పడవ ఎలా లేస్తుందో చూస్తూ మా ఆయన గంటసేపు కదల్లేదు.


కందుకూరుసీను రాశారు:

బాబాయ్, మీరు దక్షిణం వైపే చూస్తున్నారు, ఉత్తరాన ఒకటుంది. 2023 ఆగస్టులో నేను పారిస్-బ్రెస్ట్-పారిస్ తొక్కడానికి వెళ్ళా. 1200 కిలోమీటర్లు, 90 గంటలు, అంతా రోడ్ల మీదే. పల్లెల్లో జనం అర్ధరాత్రి కూడా గుమ్మాల ముందు బల్ల వేసి కాఫీ, కేకులు పెట్టి నిలబడ్డారు, పిల్లలు చేతులు చాపి కొట్టించుకున్నారు. అది జన్మలో మరిచిపోను. కానీ నిద్ర లేకుండా తొక్కడం వల్ల ఆ ఊళ్ళేవీ సరిగా చూడలేదు. అందుకని అయిపోయాక మూడు రోజులు పడుకుని, నాంత్-బ్రెస్ట్ కాలువ గట్టు మీద నాలుగు రోజులు మెల్లగా తొక్కా.

ఆ కాలువ 360 కిలోమీటర్ల పైన. ఇంగ్లీషు యుద్ధ ఓడలు బ్రెస్ట్ రేవుని సముద్రం వైపు నుంచి దిగ్బంధం చేస్తుంటే, లోపలి నుంచి సరుకు చేరేయడానికి నెపోలియన్ తవ్వించమన్నాడు. పూర్తయ్యేసరికి 1842. అప్పటికి ఆయనా లేడు, ఆ యుద్ధమూ లేదు. 200 పైగా లాకులు. మధ్యలో గెర్లెదాన్ దగ్గర ఆనకట్ట కట్టి 1930లో నీళ్ళు నింపితే కొన్ని లాకులు మునిగిపోయాయి, అక్కడ పడవ దారి తెగిపోయింది. సైకిల్ దారి మాత్రం చెరువుని చుట్టి ముందుకు పోతుంది.

గట్టు దారి చాలా భాగం అణిచిన సన్న కంకర, రెండు సైకిళ్ళు పక్కపక్కన పోయేంత వెడల్పు. మిడి కాలువ మీద మేడమ్ చెప్పిన వేళ్ళ బాధ ఇక్కడ లేదు, మనిషి ఏమరుపాటుగా తొక్కొచ్చు. జోస్లాన్ అనే ఊళ్ళో కోట బురుజులు నేరుగా నీళ్ళలోంచి లేచినట్టుంటాయి. పొద్దున ఏడింటికి మంచులో ఆ బురుజుల కింద నుంచి నేనొక్కడినే పోతుంటే టైరు కింద కంకర నలిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. సర్ సర్ మని. చెవులకి అంత విశ్రాంతి నేనెప్పుడూ ఎరగను. మనం సింగరాయకొండ దగ్గర హైవే మీద తొక్కేటప్పుడు సగం బుర్ర వెనకే ఉంటుంది కదా బాబాయ్, ఏ లారీ ఎంత దగ్గరికొచ్చిందీ అని. అక్కడ రెండో రోజుకి ఆ సగం బుర్ర ఖాళీ అయ్యింది, చిన్నప్పటి సంగతులన్నీ గుర్తొచ్చాయి. మీరు టిప్పర్ సంగతి రాశారు గనక చెబుతున్నా, ఆ భయం పోవడానికి ఒక రోజు చాలదు. మొదటి రోజు అక్కడ కూడా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంటారు. 

వాన మాత్రం అక్కడ ఎప్పుడైనా పడుతుంది, జూన్ అయినా సరే. తూలూజ్ నుంచి దూరం కూడా. మూడు వారాలున్నారు కాబట్టి ఆలోచించుకోండి.


పాతకొట్టు (ఒంగోలు) రాశారు:

సార్, నేను ముప్పై ఏళ్ళుగా సైకిల్ రిపేరు చేస్తున్నా. ఫ్రాన్స్ వెళ్ళలేదు, కానీ అక్కడ తొక్కి వచ్చినవాళ్ళ సైకిళ్ళు విప్పి కడిగింది నేనే. గేర్ల నిండా తెల్లటి సున్నం పిండి, నీళ్ళు తగిలి సిమెంటు లాగా పట్టేసి ఉంటుంది. రోజూ సాయంత్రం చైను పొడి గుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకి ఒక్క చుక్క నూనె వేసి, మళ్ళీ తుడవండి. నూనె ఎక్కువైతే దుమ్ము ఇంకా పడుతుంది.

మీ సైకిల్ రోడ్డు సైకిల్ అయితే చాలా వాటిలో 28 ఎంఎం టైరు కంటే లావుది దూరదు, దాంతో కంకర మీద పోతే పిర్రలూ మణికట్లూ రెండూ పోతాయి. 38 లేదా 40 ఎంఎం టైరు కావాలి. గాలి కూడా మనవాళ్ళు రాయిలాగా కొట్టించుకుంటారు. మీరు 75 కేజీలు ఉన్నారనుకుంటే 40 టైరుకి 35 నుంచి 40 పీఎస్ఐ చాలు. బొటనవేలితో గట్టిగా నొక్కితే టైరు కొంచెం లోపలికి పోవాలి, కంకర మీద అదే మీ స్ప్రింగు.

అంత దూరం విమానంలో సైకిల్ పెట్టె మోసుకెళ్ళి నాలుగైదు రోజులు తొక్కడానికి నేనైతే ఒప్పుకోను, అక్కడే అద్దెకి తీసుకోండి. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో ఇచ్చే కొట్లు కూడా ఉన్నాయని అబ్బాయిలు చెప్పారు. సీటు మాత్రం మీదే తీసుకెళ్ళండి సార్. అరిగి అలవాటైన సీటుకి మించింది లేదు, సంచిలో ఒక మూలన పడుంటుంది. అమ్మగారికి కరెంటు సైకిల్ అద్దెకి తీసుకోండి, తొక్కితేనే సాయం చేసే రకం, గంటకి 25 కిలోమీటర్ల వేగం దాటితే సాయం ఆగిపోతుంది, అలాంటిది అక్కడ సైకిల్ లెక్కలోకే వస్తుంది, పచ్చ దారుల మీద తిరగొచ్చు. 

ప్రాక్టీసు ఇక్కడే చేయండి. నెల్లూరులో ఉండి కాలువ గట్టు లేదంటే ఎలా? కనుపూరు కాలువ గట్టు మీద తెల్లారి పోండి. కంప ముళ్ళు గుచ్చుకుంటాయి, అందుకే ట్యూబు లేకుండా లోపల పాలమందు పోసే టైరు వేయించుకోండి, ముల్లు తీయగానే తనే పూడుకుంటుంది. గుల్ల మట్టిలో ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు, మలుపులో తల తిప్పిన వైపే సైకిల్ పోతుంది, ఇవి చెబితే వచ్చేవి కావు, పదిసార్లు చేయాలి.


పెన్నగట్టు (నెల్లూరు) రాశారు:

అందరికీ పేరుపేరునా దండాలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. మా ఆవిడకి అన్నీ చదివి వినిపించా. శ్మశానం కుళాయి దగ్గర కాసేపు ఆగింది, ‘సరే, దాహమేస్తే అక్కడే తాగుతాం’ అంది. మలైకాజా మాత్రం అబ్బాయి కోసం కట్టించాలని అప్పటికే చెప్పి ఉంచిందంట, కావలి చెల్లెమ్మ పుణ్యాన ఆపించాం.

సీనూ, నువ్వు సగం బుర్ర అని రాసిన మాట మా స్నేహితుడికి కూడా పంపా. వాడు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘నాకూ అంతేరా, నీకు చెప్పలేదు’ అన్నాడు. వాడికి భయం లేదనుకున్నా ఇన్నాళ్ళూ.

ఇలా అనుకుంటున్నా, తప్పుంటే చెప్పండి. తూలూజ్ నుంచి రైల్లో మజామె. అక్కడ నుంచి పాసా పాయిస్, ఒలార్గ్‌లో రాత్రి ఉండి, రెండో రోజు బెదారియు. రైలెక్కి బెజియే, ఒక రోజు విశ్రాంతి. అక్కడి నుంచి మిడి కాలువ చివరి ముక్క అగ్ద్ మీదుగా సెత్ దాకా రెండు రోజులు, రోజుకి పాతిక. వేళ్ళ బాధ ఉన్న మధ్య భాగం వదిలేస్తాం. నాంత్-బ్రెస్ట్ మళ్ళీసారి, ఒంట్లో ఓపిక ఉంటే.

అడగడం మరిచిపోయింది ఒకటి, వీసాకి అబ్బాయి ఇంట్లో ఉంటామని చెబితే సరిపోతుందా? అదొక్కటే టెన్షన్‌గా ఉంది.


ఒంగోలుగిత్త రాశారు:

ప్లాను బ్రహ్మాండంగా ఉంది అన్నా. మజామె నుంచి తూర్పుకి పోవడం కూడా మంచిదే, బెజియే వైపు త్రామొంతాన్ అనే గాలి వాయవ్యం నుంచి కొడుతుంది, సెత్ వైపు పోతుంటే పక్క నుంచో వెనక నుంచో తగులుతుంది. ఎదురొస్తే మాత్రం ఇరవై కిలోమీటర్లు నలభై లాగా అనిపిస్తాయి.

వీసాకి మాట ఒక్కటే చాలదు. మీ అబ్బాయి వాళ్ళ ఊరి మెరీకి, అంటే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి ‘అతెస్తాసియోన్ దాక్యుయ్’ అనే కాగితం తీసుకోవాలి, మా అమ్మానాన్నలు మా ఇంట్లో ఉంటారని ఆఫీసు ముద్రతో ఇచ్చేది. అసలు కాగితమే ఇక్కడికి పంపించాలి. అది రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, ఇప్పుడే మొదలుపెట్టమనండి. ప్రయాణ ఇన్సూరెన్సు 30,000 యూరోల వైద్యానికి తగ్గకుండా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే వీసాకి పెట్టుకోవచ్చు, ఆఖరి దాకా ఆగకండి.

బెజియేలో ఫోన్సెరాన్ లాకులు తప్పకుండా చూడండి, గుట్ట మీదికి మెట్లు కట్టినట్టు వరసగా కట్టారు, పడవలు మెట్లెక్కుతుంటాయి. ఇంకొకటి, పచ్చ దారి రోడ్డుని దాటే ప్రతి చోటా కార్లు దూరకుండా ఇనప కడ్డీలు పెడతారు, సైకిల్ హ్యాండిల్ పట్టేంత సందే ఉంటుంది. పక్క సంచులున్న సైకిల్ అయితే దిగి నడిపించండి. నేను ఒకసారి దిగడానికి బద్ధకించి వేగంగా పోతే సంచి కొక్కెం కడ్డీకి తగులుకుని నేను ముందుకి, సైకిల్ వెనక్కి అయ్యాం. మోకాలి చిప్ప మీద మచ్చ ఇంకా ఉంది. దారిలో ఎవరు ఎదురొచ్చినా బోంజూర్ అనండి, అక్కడ అది ‘బాగున్నారా’ లాంటిది, అనకపోతే చిన్నబుచ్చుకుంటారు. కుడి వైపు తొక్కాలి, ఇది మాత్రం రోజూ పొద్దున్నే ఒకసారి గుర్తు చేసుకోండి.


కావలికోడలు రాశారు:

అన్నగారూ, చివరి రోజు గురించి రెండు మాటలు. అగ్ద్ దాటాక కాలువ ఒక పెద్ద ఉప్పునీటి సరస్సులో కలుస్తుంది, దాని పేరు థో. మన పులికాట్ లాగా సముద్రానికీ దానికీ మధ్య సన్నటి ఇసుక పట్టీ. ఆ పట్టీ మీద సెత్ దాకా పన్నెండు కిలోమీటర్లు సైకిళ్ళకి విడిగా దారి వేశారు. ఒక పక్క సరస్సు, ఒక పక్క సముద్రం. సరస్సులో వరసగా రాటలు పాతి ఉంటాయి, వాటికి వేలాడదీసి ముత్యపు చిప్పల్లాంటి ఆల్చిప్పలు పెంచుతారు. నెల్లూరు వాళ్ళు కాబట్టి చెబుతున్నా, సెత్‌లో ‘తియెల్’ అని దొరుకుతుంది, టమాటా కారంలో ఆక్టోపస్ ముక్కలు వండి పిండి లోపల పెట్టి కాలుస్తారు. మన చేపల పులుసుకి సాటి రాదు గానీ, అన్ని రోజుల రొట్టె ముక్కల తర్వాత నాలుక ప్రాణం లేచొచ్చింది.


పెన్నగట్టు (నెల్లూరు) రాశారు:

అబ్బాయి నిన్ననే మెరీకి వెళ్ళొచ్చాడు, కాగితానికి పెట్టాడు.

ఈ రోజు పొద్దున పాతకొట్టు అన్న చెప్పినట్టు కనుపూరు కాలువ గట్టు మీద 18 కిలోమీటర్లు తొక్కా. మా స్నేహితుడు కూడా వచ్చాడు. బొటనవేలు దిగేంత గాలి పెట్టుకున్నాం. రెండు ముళ్ళు గుచ్చుకున్నాయి, ఒక గేదెల మంద కోసం పది నిమిషాలు ఆగాం, నీటి మీద కొంగలు. వెనక్కి ఎన్నిసార్లు తిరిగి చూశానో లెక్క పెట్టా, పదకొండు సార్లు. వచ్చే ఆదివారం మళ్ళీ పోతున్నాం. కోవూరు, బుచ్చి వైపు వాళ్ళెవరైనా వస్తారంటే ఇక్కడే చెప్పండి, ఐదున్నరకి బయల్దేరతాం.